"నిన్న ఇలా లేరు": వృద్ధుల సంరక్షణలో ఇంటివారి మాట

వృద్ధులకు జబ్బు చేసినప్పుడు ఒకవైపు నర్సు, ఆయా ఉంటారు. మరొకవైపు ఇంటివారు ఉంటారు. వీరి మధ్య మాటలు సరిగా సాగకపోతే రోగికి ఏమవుతుంది? ఈ పాఠంలో చూద్దాం.

ఖరగ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైలు కొలువుల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. పెద్దలకు తెలుగు చెప్పినంత తేలికగా మరో భాషలో బాధ చెప్పుకోవడం రాకపోవచ్చు. నర్సు, ఆయా సాధారణంగా బెంగాలీలోనో హిందీలోనో పలకరిస్తారు.

78 ఏళ్ళ విశ్రాంత రైల్వే ఉద్యోగిని ఊహించండి. నిన్నటిదాకా పేపరు చదివిన ఆయన ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. రాత్రి నిద్ర లేదు, పగలు మగత. కొత్తగా చూసినవారు "వయసు కదా, మతిమరుపు" అనుకోవచ్చు. కానీ ఇది డెలీరియం కావచ్చు. మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా, చాలావరకు నెలలు, ఏళ్ళ తరబడి ముదురుతుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలా కారణాలు అనేకం. త్వరగా కనిపెడితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే ప్రాణాపాయం.

ఈ రెంటినీ వేరుచేయడానికి ముఖ్యమైన ఆధారం "నిన్న ఇలా లేరు" అనే ఇంటివారి మాట. జ్వరం, నాడి, రక్తపోటు నర్సు కొలుస్తుంది. మనిషి మామూలుగా ఎలా ఉంటారో ఇంటివారికే తెలుసు.

మరి తగాదాలు ఎందుకు వస్తాయి? ఐదుగురు బంధువులు ఒకే ప్రశ్న అడిగితే నర్సుకు విసుగు. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇంటివారికి అనుమానం. అందుకే ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. మందు మార్చినప్పుడు నర్సు ఆ ఒక్కరికీ చెప్పాలి. పగలంతా దగ్గరుండే ఆయాను మర్యాదగా "దీదీ" అని పిలిచి, ఆమె గమనించినది అడగాలి. అన్నం తగ్గిందని మొదట చూసేది ఆమే.

మూడు భాషలూ వచ్చిన మనుమలు, మనుమరాళ్ళు మీరే దుబాసీలు. తాతగారు "బాగా నొప్పి" అంటే "కొంచెం నొప్పి" అని చెప్పకండి. ఆయన బదులు మీరే జవాబివ్వకండి.

చేయవలసిన పని: మీ ఇంటి పెద్దవారినే అడిగి, వారు వాడే మందులు, కళ్ళజోడు, వినికిడి యంత్రం, ఆహారం, నిద్రవేళలు ఒక కాగితంపై రాసి ఉంచండి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు నర్సు చేతికి మొదట ఇవ్వవలసినది అదే.