కాలేజీ డాబా మీద పడిన వాన ఎక్కడికి పోతోంది?

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న బాగ్‌బేరాలో ఎండాకాలం వచ్చిందంటే నీళ్లకు కటకటే. పక్కనే ఖర్కాయీ నది ఉంది. ఏటా 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అంటే అనంతపురంలో కురిసే దానికి రెట్టింపు. కానీ అందులో ఎక్కువ భాగం జూన్‌-సెప్టెంబర్ మధ్యే కురిసి నదిలో కలిసిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి పెద్ద డాబాలు, ఖాళీ స్థలం రెండూ కావాలి. కరణ్‌డీహ్‌లోని లాల్ బహదూర్ శాస్త్రి మెమోరియల్ కళాశాల, నదికి అవతల ఆదిత్యపూర్‌లోని ఎన్‌ఐటీ వంటి విద్యాసంస్థల ఆవరణల్లో ఆ వీలుంటుంది.

లెక్క చిన్నదే. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 12 లక్షల లీటర్లు పడతాయి. ఆవిరైనది, చిందినది ఐదో వంతు తీసేసినా 9.6 లక్షలు మిగులుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 190కి పైనే!

చిక్కంతా దాచడంలో ఉంది. లక్ష లీటర్ల సంపు కట్టినా, రోజుకు పదివేల లీటర్లు వాడే కళాశాలకు పది రోజులకే సరి. మిగతాది భూమిలోకి ఇంకించాలి. సింగ్‌భూమ్ నేల కింద ఉన్నది గట్టి రాయి. రాయలసీమ, తెలంగాణ రైతులకు ఈ సంగతి కొత్త కాదు. నీరు నిలిచేది పైనున్న మెత్తబడిన రాతి పొరలో, దాని కింది పగుళ్లలో మాత్రమే. పగుళ్లు లేనిచోట తవ్విన ఇంకుడు గుంత నిండి పొర్లుతుందే తప్ప ఇంకదు. వాడకంలో లేని పాత బావి ఉంటే అదే మేలైన దారి. అయితే మట్టి చేసే వడపోత అక్కడ జరగదు కాబట్టి తొలి వానల నీటిని బయటికి వదిలేసి, తర్వాతి నీటిని కంకర, ఇసుక పొరల గుండా పంపాలి. ఆ ఇసుకను ఏటా వానాకాలానికి ముందు కడగకపోతే పూడుకుపోతుంది. కట్టేటప్పుడు ఉన్న ఉత్సాహం కడిగేటప్పుడు ఉండదు, అదే అసలు ఇబ్బంది.

కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ తన ఏడో ప్రమాణం కింద వాననీటి ఏర్పాట్ల గురించి అడుగుతూ వచ్చింది. మంచిదే. కానీ ఫొటోలో గుంత కనిపిస్తుంది గాని, అందులోంచి భూమిలోకి దిగిన నీరు కనిపించదు.

ఆ నీటిని అంచనా వేయడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. ఆవరణలోని బావిలోకి విద్యార్థులు కూడా బరువు కట్టిన టేపు దింపి, మే నెలలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి లోతు రాసుకోవచ్చు. వాన ఏటా ఒకేలా కురవదు కనుక ఆవరణకు దూరంగా, బస్తీలోని మరో బావి లోతునూ పక్కనే రాయాలి. ఆ రెండు బావుల్లో నీరు ఎంతెంత పైకొచ్చిందో పోల్చి చూస్తే, గుంత వల్ల అదనంగా చేరింది ఎంతో తెలుస్తుంది.