కట్టు విప్పాక బూట్లదే బాధ్యత

పుట్టిన బిడ్డ పాదం లోపలికి తిరిగి, మడమ పైకి లేచి, అరికాలు రెండో కాలి వైపు చూస్తుంటే దాన్ని క్లబ్‌ఫుట్ అంటారు. సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి ఈ వంకర ఉంటుంది. గ్రహణం పట్టిందనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. తల్లి తప్పు అంతకన్నా లేదు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్పెయిన్ వైద్యుడు ఇగ్నేషియో పాన్సెటి, పెద్ద ఆపరేషన్ లేకుండా దీన్ని సరిచేసే పద్ధతి రూపొందించారు. పసిపాదంలో ఎముకలు ఇంకా చాలావరకు మృదులాస్థే, లిగమెంట్లు సాగుతాయి. అందుకే పాదాన్ని చేత్తో మెల్లగా తిప్పి, వేళ్ల నుంచి తొడదాకా పిండికట్టు వేస్తారు. వారం వారం కట్టు మారుస్తూ పోతే సాధారణంగా ఐదారు కట్లతో వంకర పోతుంది. చాలామందికి మడమ వెనకున్న టెండన్‌పై చిన్న గాటు పెట్టి, మూడు వారాలు ఆఖరి కట్టు ఉంచుతారు.

ఇక్కడితో వైద్యం అయిపోయిందనుకుంటే పొరపాటు. పాదాన్ని లోపలికి లాగే గుణం ఇంకా కొన్నేళ్లు ఉంటుంది. దాన్ని ఆపేవి బ్రేస్ బూట్లు. బిడ్డ భుజాలంత వెడల్పున్న కడ్డీకి రెండు బూట్లు బిగించి ఉంటాయి. వంకర ఉన్న పాదం బయటికి 60 నుంచి 70 డిగ్రీలు, బాగున్న పాదం 30 నుంచి 40 డిగ్రీలు తిరిగి ఉంటాయి. ఒక్క పాదమే వంకరైనా బూట్లు రెండింటికీ కావాలి. కడ్డీ ఊతం లేకపోతే పాదం ఆ కోణంలో నిలవదు.

మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా నిద్రవేళల్లో వీటిని వేయాలి. ముడతల్లేని మేజోళ్లు తొడిగి, మడమ బూటు అడుక్కి ఆనిందో లేదో చూసి పట్టీ బిగించాలి. మడమ జారితే చర్మం ఒరుసుకుని బొబ్బలొస్తాయి. అప్పుడు బూట్లు మానేయకుండా డాక్టరుకు చూపించాలి. మొదట్లో బిడ్డ ఏడిస్తే కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ కలిపి వంచుతూ చాపుతూ ఆడించండి. రెండు కాళ్లూ కలిపి కదపడం తెలిశాక ఏడుపు తగ్గుతుంది.

వంకర తిరగబెట్టడానికి ముఖ్య కారణం బూట్లు మధ్యలో మానేయడమే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వం ఉచితంగా చూసే లోపాల్లో క్లబ్‌ఫుట్ కూడా ఉంది. పుట్టిన తొలి వారాల్లోనే బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లండి. పాదం చక్కగా కనిపిస్తోందని మాత్రం, డాక్టరు చెప్పేదాకా, ఒక్క రాత్రి కూడా బూట్లు మానవద్దు.