నగర ప్రణాళిక – ప్రజల పాత్ర: నోయిడా అనుభవం

రానున్న ఇరవై సంవత్సరాలలో ఒక నగరం ఏ మేరకు పెరుగుతుంది, కర్మాగారాలు ఏ దిక్కున వెలుస్తాయి, నివాస గృహాలకు ఎంత భూమి కావాలి, ఏ భాగం పచ్చగా మిగలాలి అనే ప్రశ్నలకు ముందుగానే సమాధానం నిర్ణయించుకొనడమే నగర ప్రణాళిక. ఈ నిర్ణయంలో ప్రజలెన్నుకున్న పురపాలక సంఘానికి స్థానముండడం ప్రజాస్వామ్య సంప్రదాయం. దేశ రాజధానిని ఆనుకొని యమునా, హిండన్ నదుల నడుమ వెలసిన నోయిడా ఇందుకు భిన్నమైన ఉదాహరణ. 2011 జనాభా లెక్కలనాటికే ఆరు లక్షలకు పైగా జనాభా గల ఈ నగరం మేయరు, కౌన్సిలర్లు లేకుండానే పెరిగింది. దాని భవిష్యత్తును రూపొందించినది ప్రభుత్వం నియమించిన ఒక ప్రాధికార సంస్థ. ఆ విధానం సాధించినదేమిటి, కోల్పోయినదేమిటి అన్నది నగరాభివృద్ధిని గురించి ఆలోచించే ప్రతివారూ పరిశీలించదగిన విషయం.

ఆవిర్భావం

స్వాతంత్ర్యానంతరం ఢిల్లీ జనాభా త్వరితగతిని పెరిగింది. 1962లో అమలులోకి వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాను నివాస ప్రాంతాలలో ఉండదగని పరిశ్రమలను వేరుచోట్లకు తరలించాలని సూచించింది. యమునకు ఆవలి ఒడ్డున ఉత్తరప్రదేశ్ గ్రామాలలో అనుమతి లేని కట్టడాలు పెరుగుతుండడం కూడ ప్రభుత్వాల దృష్టికి వచ్చింది. ఈ నేపథ్యంలో 1976 ఏప్రిల్ 17న, ఆత్యయిక పరిస్థితి అమలులో ఉన్న కాలంలో, ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టం క్రింద న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. ఆ ఆంగ్లనామంలోని తొలి అక్షరాల కలయికే నోయిడా. ఒక కార్యాలయం పేరు నగరం పేరుగా స్థిరపడడం విశేషం.

ప్రణాళిక రూపొందే విధం

భూమిని సేకరించడం, ప్రణాళికను తయారుచేయడం, స్థలాలను విభజించి రోడ్లు, నీరు, మురుగు కాలువలు కల్పించడం, ఆ స్థలాలను కేటాయించడం – ఈ పనులన్నిటినీ చట్టం ఈ సంస్థకే అప్పగించింది. ముందుగా రానున్న కాలపు జనాభాను అంచనా వేస్తారు. దానినిబట్టి భూమిని నివాస, పారిశ్రామిక, వాణిజ్య, రవాణా, హరిత ప్రాంతాలుగా విభజిస్తారు. ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరాలను, సూచనలను ఆహ్వానిస్తారు. అనంతరం ప్రణాళిక ఆమోదం పొందుతుంది. 1985 చట్టంతో ఏర్పడిన జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి రూపొందించే ప్రాంతీయ ప్రణాళికకు ఇది అనుగుణంగా ఉండాలి.

2031 నాటి మాస్టర్ ప్లాను 25 లక్షల జనాభాను దృష్టిలో ఉంచుకొని తయారైంది. అభివృద్ధికి ఉద్దేశించిన సుమారు 15,280 హెక్టార్లలో 37 శాతం నివాసాలకు, 18 శాతం పరిశ్రమలకు, 16 శాతం పచ్చదనానికి అందులో ఉద్దేశింపబడినవి. పరిశ్రమలకోసం పుట్టిన పట్టణంలో నివాస భూమి పారిశ్రామిక భూమికి రెట్టింపు కావడం కాలగతిలో వచ్చిన మార్పును తెలుపుతుంది.

ఒకే సంస్థకు అన్ని అధికారాలు ఉండడం వలన పనులు వేగంగా సాగినవనడంలో సందేహం లేదు. వెడల్పైన రహదారులు, సెక్టార్లుగా తీర్చిన వీధులు ఏర్పడినవి. 2009లో ఢిల్లీ మెట్రో నగరమధ్యానికి వచ్చింది. 2019లో గ్రేటర్ నోయిడాకు ప్రత్యేక మెట్రో మార్గం ప్రారంభమైంది.

భూమినిచ్చిన గ్రామాలు

నగరానికి ఆధారమైన భూమి పూర్వం 81 గ్రామాల రైతులది. గోధుమ, చెరకు పండిన పొలాలు 1894 నాటి భూసేకరణ చట్టం క్రింద ప్రభుత్వ పరమైనవి. అత్యవసర నిబంధనను ప్రయోగించినపుడు రైతు తన అభ్యంతరం చెప్పుకునే అవకాశం కూడ లేకపోయేది. తక్కువ పరిహారానికి తీసుకున్న భూమిని హెచ్చు ధరకు కేటాయించడం అసంతృప్తికి కారణమైంది. 2011 అక్టోబరు 21న అలహాబాదు హైకోర్టు విస్తృత ధర్మాసనం, నోయిడా, గ్రేటర్ నోయిడా గ్రామాల వ్యాజ్యాలలో తీర్పు చెబుతూ రైతులకు 64.7 శాతం అదనపు పరిహారాన్ని, అభివృద్ధి చెందిన భూమిలో 10 శాతం వాటాను నిర్దేశించింది. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనాన్ని, పునరావాసాన్ని విధిగా చేసింది.

కొత్తగా వచ్చి స్థిరపడినవారి అనుభవం మరొక విధమైనది. కేటాయించిన భూమిపై వచ్చే సొమ్మే సంస్థకు ప్రధానమైన ఆదాయం. నిబంధనలను అమలుపరచవలసినదీ అదే సంస్థ. ఈ రెండు బాధ్యతల మధ్య సంఘర్షణ ఏర్పడగలదని 93-ఎ సెక్టారు ఉదంతం తెలియజేసింది. అక్కడి జంట భవనాలు నిబంధనలకు విరుద్ధంగా లేచినవని, సంస్థ అధికారుల కుమ్మక్కు అందుకు తోడ్పడిందని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న నిర్ధారించింది. మరుసటి సంవత్సరం ఆగస్టు 28న వాటిని కూల్చివేశారు. ఆ వ్యాజ్యాన్ని నడిపినది పొరుగు ఇండ్లలో నివసించే సామాన్య గృహస్థులు.

రాజ్యాంగం చెప్పినది

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగర ప్రణాళికను పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలలో చేర్చింది. అయితే పారిశ్రామిక సంస్థ పురపాలక సేవలందించే చోట, గవర్నరు ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటిస్తే, పురపాలక సంఘం ఏర్పాటు చేయకపోవచ్చునని 243-క్యు అధికరణం మినహాయింపునిచ్చింది. 2001లో నోయిడాకు ఈ మినహాయింపు వర్తింపజేశారు. కాని, ఈ అభివృద్ధి సంస్థను పురపాలక సంఘంగా పరిగణించజాలమని 2018లో ఆదాయపు పన్ను వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనగా నోయిడా పౌరుడు శాసనసభకు, లోక్‌సభకు ప్రతినిధిని ఎన్నుకున్నాడు. తన వీధి దీపం గురించి, ఉద్యానవనం గురించి జవాబుదారీ వహించే వార్డు ప్రతినిధి మాత్రం అతనికి లేకపోయాడు. నోయిడాను మహానగర పాలక సంస్థగా మార్చే విషయం పరిశీలించవలసిందిగా 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి సూచించింది.

ఇతర ప్రాంతాల అనుభవం

దేశంలో వేరు మార్గాలూ ఉన్నవి. హైదరాబాదులో 1975లో పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినపుడు నగరపాలక సంస్థ రద్దు కాలేదు. రెండూ ప్రక్కప్రక్కన పనిచేసినవి. అమరావతిలో 2015లో రైతులనుండి భూసమీకరణ పద్ధతిలో భూములు స్వీకరించి, ప్రతిఫలంగా అభివృద్ధిపరచిన స్థలాలు ఇచ్చే ఒప్పందం జరిగింది. కేరళలో 1996లో ప్రారంభమైన ప్రజాప్రణాళికా కార్యక్రమం వార్డు స్థాయి సభలనుండే ప్రణాళికను నిర్మించే ప్రయత్నం చేసింది. ఏ పద్ధతీ లోపరహితం కాదు. అయినా ప్రణాళికా నిపుణతకు, ప్రజాప్రాతినిధ్యానికి సహజ వైరం లేదని ఇవి చాటుతున్నవి.

నోయిడాకు తూర్పున సుమారు 209 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో మరొక నూతన నగరానికి 2041 నాటి మాస్టర్ ప్లానును 2024 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆమోదించింది. అక్కడ కూడ దాద్రీ, బులంద్‌షహర్ పరిసరాల గ్రామాలే నగరంగా మారవలసి ఉన్నది. అర్ధశతాబ్దపు అనుభవం ముందున్నది గనుక, పొలమిచ్చే రైతు మాట, ఇల్లు కొనే గృహస్థు మాట పటం గీయకముందే వినిపించే ఏర్పాటు చేసుకొనడానికి ఇదే తగిన తరుణం. వీధులు, సెక్టార్లు నిపుణులు తీర్చగలరు. ఆ వీధులలో నివసించవలసినవారి సమ్మతి మాత్రం వారినే అడిగి పొందవలసి ఉంటుంది.