బస్తర్ చేతిపంపుల దగ్గర డిజైన్ పాఠం

ఛత్తీస్‌గఢ్‌లో ఒకప్పటి బస్తర్ జిల్లాకు చెందిన కొండగావ్ పేరు చెప్పగానే డోక్రా లోహశిల్పాలు గుర్తుకు వస్తాయి. పర్యావరణం, సామాజిక సమస్యలు పాఠ్యాంశాలుగా చదివే గ్రాఫిక్ డిజైన్ విద్యార్థులు అక్కడ చూడవలసినవి వేరే ఉన్నాయి. అవి చేతిపంపుల చుట్టూ కట్టిన ‘నల్‌పార్’లు.

ముంబయి జె.జె. కళాశాలలో చదివిన చిత్రకారిణి నవజ్యోత్ అల్తాఫ్ 1997లో స్థానిక కళాకారులు రాజ్‌కుమార్, శాంతిబాయి, గెస్సూరామ్‌లతో కలిసి ఇక్కడ పని ప్రారంభించారు. నీటిని పొదుపు చేయాలని గోడపత్రిక వేయడం సులువే. వీరు ఆలోచించినది పంపు చుట్టూ పారే నీటి గురించి, నిండు బిందెను నేల మీది నుంచి నెత్తికి ఎత్తుకునే స్త్రీల శ్రమ గురించి. అందుకే గోడలో, బిందెను కాసేపు ఆనించి తలకెత్తుకోవడానికి వీలుగా ఒక గూడు అమర్చారు. ఒలికిన నీరు పక్కనున్న గుంటలోకి చేరి భూమిలో ఇంకుతుంది. ఆ గూటి ఎత్తు కాగితం మీద తేలే లెక్క కాదు, నీళ్లు మోసే మనిషి భుజాన్ని బట్టి తేలాలి.

పిల్లలు కూడి ఆడుకోవడానికి, నేర్చుకోవడానికి వీరే ‘పిల్లా గుడి’లను కూడా నిర్మించారు. ఈ పేరును తెలుగువారికి అనువదించి చెప్పనక్కరలేదు.