ప్రింటరు బాగానే ఉంది... పాత కంప్యూటరుకే దాని భాష రాదు!

మండల కేంద్రాల్లో తహసీల్దారు కార్యాలయాల ఎదుట ఉన్న జిరాక్సు సెంటర్లలో తరచు ఒక మాట వినిపిస్తోంది. "ఈ సిస్టం నుంచి ప్రింటు రావడం లేదు, ఆ సిస్టం ఖాళీ అయ్యేదాకా ఆగండి". అడంగల్, 1-బి నకళ్ల కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతు అలాగే నిలబడతాడు. ఈలోగా బ్యాంకు వేళ దాటిపోతుంది. పంట రుణం పని మర్నాటికి పడుతుంది, రానూపోనూ చార్జీలు దండగ. హాల్ టికెట్ల కోసం వచ్చే పిల్లల అవస్థ చెప్పనక్కరలేదు.

సంగతేమిటంటే, ఈ సెంటర్లలో రెండు మూడు కంప్యూటర్లకు కలిపి ప్రింటరు ఒక్కటే ఉంటుంది. యజమాని అప్పోసప్పో చేసి విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటరు కొని ప్రింటరును దానికి తగిలిస్తాడు. నిన్నటిదాకా పనిచేసిన విండోస్ 7 కంప్యూటరు నుంచి ఇక కాగితం రాదు. చూడవచ్చిన మెకానిక్కు పాతది పారేయమంటాడు. వేలతో కూడిన ఈ సలహా అన్నిచోట్లా అవసరం లేదు.

కంప్యూటరుకూ ప్రింటరుకూ నడుమ డ్రైవరు అనే ప్రోగ్రాం దుబాసీగా పనిచేస్తుంది. ప్రింటరును నలుగురూ వాడుకునేలా షేరింగ్‌లో పెట్టినప్పుడు ప్రధాన కంప్యూటరు తన దుబాసీనే మిగతావాటికి పంపుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. విండోస్ 11 కేవలం 64 బిట్ రకంలోనే వస్తుంది. పాత కంప్యూటర్లలో చాలా వరకు 32 బిట్‌వి. దానికి పనికొచ్చే డ్రైవరు దీనికి పనికిరాదు. పాతది ఏ రకమో తెలుసుకోవాలంటే 'కంప్యూటర్' బొమ్మపై మౌసు కుడిమీట నొక్కి ప్రాపర్టీస్‌లో 'సిస్టం టైప్' అన్నచోట చూడాలి.

ప్రధాన కంప్యూటరులో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, షేరింగ్‌లోని 'అడిషనల్ డ్రైవర్స్'లో ఎక్స్86 గడికి టిక్కు పెట్టి 32 బిట్ డ్రైవరును కూడా చేర్చడం ఒక పద్ధతి. రెండు డ్రైవర్ల పేరు, వెర్షను కలవకపోతే ఇది మొరాయిస్తుంది.

అంతకన్నా నమ్మకమైన పద్ధతి మరొకటి ఉంది. తయారీదారు వెబ్‌సైటు నుంచి విండోస్ 7కు తగిన డ్రైవరు తెచ్చి పాత కంప్యూటరులోనే విడిగా ఎక్కించాలి. 'యాడ్ ప్రింటర్'లో 'లోకల్ ప్రింటర్', 'క్రియేట్ ఎ న్యూ పోర్ట్', 'లోకల్ పోర్ట్' వరుసగా ఎంచుకోవాలి. పోర్టు పేరు అడిగినప్పుడు, ఎంటరు మీట పైన ఉండే వెనక్కు వాలిన గీతలు రెండు, ప్రధాన కంప్యూటరు పేరు, మళ్లీ ఒక గీత, షేరింగ్‌లో ప్రింటరుకు పెట్టిన పేరు కొట్టాలి. అక్షరం తప్పితే పలకదు. ప్రధాన కంప్యూటరు యూజర్ పేరు, పాస్‌వర్డు పాతదానికి ముందే ఇచ్చి ఉండాలి.

ఇదిలా ఉండగా, 2021లో ప్రింటు వ్యవస్థలో దొంగలు చొరబడే లోపం ఒకటి బయటపడింది. దానికి 'ప్రింట్ నైట్‌మేర్' అని పేరు. మైక్రోసాఫ్ట్ ఆగస్టు 10న ఇచ్చిన అప్‌డేట్‌తో డ్రైవరు ఎక్కించడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరి అయింది. సెప్టెంబరు అప్‌డేట్ల తర్వాత చివర '11బి' అని ఉండే దోషం నంబరు చాలాచోట్ల కనిపించసాగింది. కొందరు మెకానిక్కులు అప్‌డేట్లు పీకేసి పని అయిందనిపిస్తున్నారు. జనం ఆధార్ కార్డులు, పొలం కాగితాలు ఉండే కంప్యూటరుకు ఇది గడియ తీసి పెట్టడమే. పైన చెప్పిన లోకల్ పోర్టు పద్ధతిలో సాధారణంగా ఆ అవసరం రాదు.

ఎక్స్‌పీ వాడేవారి సంగతి వేరు. అది నెట్‌వర్కులో వాడే ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతి కొత్త విండోస్‌లో మూసి ఉంటుంది. దాన్ని తెరవకూడదు. 2017 మే నెలలో వన్నాక్రై ఆ దారినే పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విండోస్ 7కు సైతం 2020 జనవరి 14తో మద్దతు ఆగిపోయింది. కాబట్టి డబ్బు లావాదేవీలు కొత్తదానిలో చేసి, పాతదాన్ని టైపు పనికీ ప్రింటుకూ ఉంచుకోవడం మేలు.

కాగా, ప్రింటరు వెనుక నెట్‌వర్కు వైరు పెట్టే చోటు ఉంటే దాన్ని నేరుగా రౌటరుకు కలపవచ్చు. అప్పుడు ఏ కంప్యూటరు డ్రైవరు దానిదే, ప్రధాన కంప్యూటరు కట్టేసి ఉన్నా ప్రింటు వస్తుంది. కొత్త ప్రింటరు కొనేవారు ఆ చోటు ఉన్నదీ లేనిదీ, విండోస్ 7 32 బిట్ డ్రైవరు దొరికేదీ లేనిదీ డబ్బు కట్టకముందే దుకాణదారును అడగాలి.