అణుకర్మాగారము - పనివారి యారోగ్యము

కిందటి మాసమున మా యాడుబిడ్డ కుమార్తెకు మణికట్టు బెణికినదని యొక వైద్యశాలకు తోడు పోయితిని. ఎక్స్‌రే గది తలుపుమీద, గర్భవతులు ముందుగా తెలియజేయవలెనని పెద్ద యక్షరములతో వ్రాసిన పలక యొకటి యుండెను. మా పిల్లకు నాలుగవ మాసము. ఆ సంగతి విన్నంతనే వైద్యుడు చేతిని మఱల పరీక్షించి, ఎక్స్‌రే యవసరము లేదని కట్టు కట్టి పంపివేసెను. ఇంటికి వచ్చుచు ఆ పిల్ల, "అత్తా, చేతికి ఫొటో తీసినచో కడుపులోని బిడ్డకేమి?" అని యడిగినది. చేతికి తీసినచో భయము లేదు గాని, ఒకప్పుడు గర్భిణుల కడుపునకే తీయుచుండిరమ్మా యంటిని. నా సమాధానము దారిలో ముగియలేదు. ఇంగ్లండు తల్లులతో మొదలై, అమెరికా దేశమున అణుబాంబుల సరకు చేసిన పనివారి కడకు పోయినది. దానినే సోదరీమణులకొఱకు ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆలిస్ స్టీవర్టు అను వైద్యురాలు 1906లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున జన్మించెను. 1950 తరువాత ఆమె ఆక్సుఫర్డులో పనిచేయుచుండగా, లుకేమియా యను రక్తపు కాన్సరుచే పసిపిల్లలు మరణించుట హెచ్చుచుండెను. కారణ మెవ్వరికిని తెలియదు. ఆమెకు తోచిన యుపాయము మన యిండ్లలో ముసలమ్మలకు తోచునట్టిదే: తల్లుల నడుగుట. గర్భముతోనున్నపుడు ఏమి తింటిరి, ఏ మందు పుచ్చుకొంటిరి, ఎక్స్‌రే తీయించుకొంటిరా యని ప్రశ్నలు వ్రాసి, బిడ్డను పోగొట్టుకొన్న తల్లులను, బిడ్డ బ్రదికియున్న తల్లులను ఒక్కరీతిగా నడిగించెను. ఈ పనికి ఆమెకు దొఱకిన ధనము వేయి పౌనులు మాత్రమే. అదియు మన దేశపు ధనమే. లేడీ మెహెర్‌బాయి టాటా 1931లో లుకేమియాచేతనే మరణింపగా, ఆమె పేర భర్త దొరాబ్జీ టాటా 1932లో నెలకొల్పిన నిధినుండి అది వచ్చెను.

1956లో ఫలితము వెలువడెను. గర్భమునందుండగా ఎక్స్‌రే సోకిన పిల్లలు కాన్సరుచే మరణించుట, సోకనివారికంటె ఇంచుమించు రెట్టింపుగా నుండెను. పెద్ద వైద్యులు విశ్వసింపలేదు. బిడ్డ పోయిన తల్లి దుఃఖములో ప్రతిదియు తవ్వి తలచుకొనును, బిడ్డ యున్న తల్లి మఱచిపోవును, కావున ఈ లెక్క చెల్లదనిరి. వారి ఆక్షేపణ పూర్తిగా అవివేకము కాదు. అయితే 1962లో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి మాక్‌మహాను తల్లుల నడుగక వైద్యశాలల దస్తరములనే తిరుగవేయగా అందును హెచ్చు మరణములే కనబడెను. అయినను గర్భిణులకు ఎక్స్‌రే మానుటకు ఇంకను చాలయేండ్లు పట్టినది.

ఇక అమెరికాకు పోవుదము. ఆ దేశపు వాయవ్యమూలను వాషింగ్టను రాష్ట్రమున కొలంబియా నది యొడ్డున హాన్‌ఫర్డు అను చిన్నయూరును, పండ్లతోటలును ఉండెడివి. 1943లో ప్రభుత్వము ఆ యూరి వారిని, ప్రక్క గ్రామముల వారిని లేవగొట్టి, సుమారు 586 చదరపు మైళ్ల నేలను స్వాధీనము చేసికొని, ప్లుటోనియము చేయు కర్మాగారమును కట్టించెను. కట్టినవారు వేలకొలది, తాము కట్టునదేమో వారిలో మిక్కిలి కొలదిమందికే తెలియును. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకి నగరముపై పడిన బాంబులోని ప్లుటోనియ మిచ్చటిదే. తరువాత నలుబదియేండ్లకు పైగా ఆ కర్మాగారము పనిచేసెను.

పనివారు ఱొమ్మున చిన్న బిళ్లను ధరింపవలెను. అందులోని ఫొటో ఫిల్ము నల్లబడినకొలది ఎంత కిరణము సోకినదో తెలియును. మూత్రమును పరీక్షకు పంపుటకై సీసాలను ఇంటికే యిచ్చుచుండిరి. నిండిన సీసాలు ఇంటి గడపయొద్ద నుండగా బండివాడు వచ్చి కొనిపోవుచుండెను. భర్త యే పని చేయుచున్నాడో అడుగరాని ఇల్లాలు, పాలసీసాలతోపాటు ఆ సీసాలనుగూడ చూచుచు కాపురము చేసినది. ఇట్లు చిత్రగుప్తుని కవిలెవలె ప్రతివాని లెక్కయు వ్రాయబడెను. కాని వ్రాసినదానిని విప్పి చదువుట వేఱుమాట.

1964లో అణుశక్తి సంఘమువారు పిట్సుబర్గు ఆచార్యుడైన థామస్ మాంకూసోకు ఆ పని నొప్పగించిరి. ఉద్యోగము మానినవాడు ఏ యూర మరణించెనో వృద్ధాప్య భృతి దస్తరములనుబట్టి కనుగొనుటలో ఆయన సమర్థుడు. పదియేండ్లు గడచినవి. 1974లో వాషింగ్టను రాష్ట్రపు వైద్యుడు శామ్యూల్ మిల్‌హాము, హాన్‌ఫర్డు పనివారిలో కాన్సరు హెచ్చుగానున్నదని కనుగొనెను. వెంటనే పైవారు మాంకూసోను, అది నిజము కాదని పత్రికలకు ప్రకటింపుమనిరి. ఇంకను కాలము చాలలేదు, ఇప్పుడే ఏమియు చెప్పజాలనని ఆయన నిరాకరించెను. ఆ నిరాకరణమునకు ఫలముగా ఆయన కొలువు 1977తో ముగిసెను. అంతకుముందే 1976లో ఆయన ఆలిస్ స్టీవర్టును, గణితజ్ఞుడు జార్జి నీలును సాయమునకు పిలిపించెను. ఆమెకప్పటికి డెబ్బదియేండ్లు. 3,500కు మించిన మరణములను పరిశీలించి, అనుమతింపబడిన మితికి ఎంతో తక్కువ మోతాదులోనే కొన్ని కాన్సరులు హెచ్చినవని 1977లో మువ్వురును ప్రకటించిరి. వారి గణితములో లోపములున్నవని పలువురు శాస్త్రజ్ఞులు ఖండించిరి. తరువాతి పరిశోధనలలోను వారు చెప్పినంతటి హాని కనబడలేదు. ఆ మువ్వురి యంకెలు హెచ్చు కావచ్చును. కాని లెక్కను ఇతరులు చూడకుండ బీరువాలో పెట్టి తాళము వేయుట మాత్రము శాస్త్రము కాదు.

ఈ లెక్క తేల్చుట యేల కష్టమో చెప్పవలెను. కిరణముల హాని నివురు గప్పిన నిప్పు. నేడు సోకినది పెక్కుమారులు ఎన్నో యేండ్లకు గాని బయటపడదు. అప్పటికి పనివాడు పని మాని యే యూరనో యుండును. వచ్చిన కాన్సరు పొగత్రాగుటచే వచ్చినదో, కిరణముచే వచ్చినదో దానిపై ముద్ర యుండదు. ఊపిరితో లోనికిపోయిన ప్లుటోనియమును ఱొమ్మునందలి బిళ్ల పట్టజాలదు. అన్నిటికంటె మోసకరమైనది మఱియొకటి. పనివారిని ఊరిజనముతో పోల్చినచో పనివారే ఎక్కువకాలము బ్రదుకుదురు! ఏలయన, కర్మాగారము ద్వారముకడనే ఆరోగ్యవంతులను ఏరుకొనును. ఊరిలో మంచముపట్టినవారును, పుట్టురోగులును ఉందురు. నూతినుండి నీరు మోయు కోడలిని పక్షవాతపు అత్తగారితో పోల్చి, నీరు మోయుట ఆయుర్వృద్ధి యనిన ఎట్లుండును? కావున పనివారిలోనే ఎక్కువ కిరణము సోకినవారిని, తక్కువ సోకినవారితో పోల్చవలెను.

ఒక్కని చూచి తీర్పు చెప్పుటయు తగదు. 1976లో హాన్‌ఫర్డునందే ఒక గాజుపెట్టె ప్రేలి, అరువదినాలుగేండ్ల పనివాని ముఖమున అమెరీషియము అను కిరణపదార్థము చిమ్మినది. ఏ పనివానికిని అంత సోకి యెఱుగరు. ఆయన భార్యాబిడ్డలను సైతము తాకక నెలలతరబడి చికిత్స పొంది, పదునొకండేండ్లు బ్రదికి, 1987లో గుండెజబ్బుతో మరణించెను. దీనినిబట్టి కిరణము నిరపాయమనుట, నూఱేండ్లు బ్రదికిన చుట్టల తాతను చూపి పొగాకు మంచిదనుటవంటిది.

1990లో ఈ పరిశోధనల పెత్తనమును ఆయుధములు చేయించుశాఖనుండి తప్పించి ఆరోగ్యశాఖకు ఒప్పగించిరి. తరువాత ఫ్రాన్సు, బ్రిటను, అమెరికాల పనివారిని, హాన్‌ఫర్డువారితో సహా, ఒక్క కవిలెకు చేర్చిరి. 2023లో వెలువడిన ఫలితమున 3,09,932 మంది లెక్క గలదు. వారిలో 1,03,553 మంది మరణించియుండిరి. గడ్డకట్టు జాతి కాన్సరు మరణములు, గ్రే అను ఒక పెద్ద మోతాదునకు నూటికి 52 చొప్పున హెచ్చునని తేలినది. సగటు పనివానికి జీవితకాలమున సోకినది ఇంచుమించు గ్రేలో ఏబదవ వంతే. అనగా నూఱు కాన్సరు మరణములు కలుగుచోట నూటయొకటి కలుగునన్నమాట. ఇది చిన్నయంకె. భయపడి పరుగెత్తవలసినది కాదు, సున్నయు కాదు. సున్నయని చెప్పి పనికి పంపినవారితో ఆలిస్ స్టీవర్టు 2002లో తాను మరణించువఱకును వాదించుచునే యుండెను.

కర్మాగారము మూతపడినను పని ముగియలేదు. చివరి రియాక్టరు 1987లో నిలిచెను. నేలలోని 177 తొట్లలో సుమారు 5 కోట్ల 60 లక్షల గాలనుల విషద్రవము మిగిలినది, కొన్ని కారుచున్నవి. 1989లో ఒడంబడిక జరిగినప్పటినుండి దానిని శుభ్రపఱచుటకు వేలమంది పనిచేయుచున్నారు. వీరికి కిరణముతోపాటు తొట్లనుండి లేచు ఆవిరులును భయమే. రోగపడిన పనివారికి 2000 సంవత్సరపు చట్టముచే లక్షయేబదివేల డాలర్లును, వైద్యమును ఇచ్చుచున్నారు. పనివాడు లేకున్న భార్యకు, ఆమెయు లేకున్న బిడ్డలకు. కాని భర్త యే భవనమున పనిచేసెనో, ఏమి తాకెనో విధవరాలు చెప్పవలెను. జీవితాంతము అడుగవద్దన్నదానినే ఇప్పుడు చెప్పుమనుచున్నారు. హాన్‌ఫర్డు పనివారి రోగము పనివలననే వచ్చినట్లు మొదట నెంచవలెనని వాషింగ్టను రాష్ట్రము 2018లో చట్టము చేయగా, కేంద్రప్రభుత్వము వ్యాజ్యమాడి 2022లో సుప్రీముకోర్టున గెలిచినది. రాష్ట్రమువారు అంతకుముందే ఆ చట్టమును వేఱు మాటలతో తిరుగ వ్రాసికొనియుండిరి.

1968లో ఏర్పడిన యొక దస్తరము ఇప్పటికిని ఆ ప్రాంతముననే వాషింగ్టను రాష్ట్ర విశ్వవిద్యాలయముక్రింద నడచుచున్నది. ప్లుటోనియము మొదలైనవి సోకిన పనివారు, తాము పోయినపిదప తమ దేహమును పరీక్షింపవచ్చునని బ్రదికియుండగనే వ్రాసియిత్తురు. గాజుపెట్టె ప్రేలిన యా వృద్ధుడును అట్లే యిచ్చెను. ఎముకలో నెంత, కాలేయములో నెంత, ఊపిరితిత్తులలో నెంత మిగిలెనో అచ్చట కొలుతురు. అప్పుడప్పుడు వారియొద్దకు ఆరోగ్యమునుగూర్చిన ప్రశ్నలతో ఉత్తరము వచ్చును. జవాబు వ్రాసి పంపునది పెక్కిండ్లలో భార్యయే యయి యుండును.