మీకు తెలుసా? యుద్ధరంగం నుంచి పోటీల బరికి

పాత టార్గెట్ రైఫిళ్లు సేకరించేవారు ఇష్టంగా వెతికే వాటిలో బర్మింగ్‌హామ్‌లో తయారైన .22 బీఎస్‌ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) మార్టినీ ఒకటి. దీని వంశం మాత్రం సైన్యానిది. బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన మార్టినీ-హెన్రీ తుపాకీ యంత్రాంగాన్నే చిన్నది చేసి ఇందులో అమర్చారు.

ట్రిగ్గర్ వెనక ఉన్న లీవరును కిందికి లాగితే లోపలి ఉక్కు దిమ్మె ముందుభాగం వాలుతుంది, కాల్చిన తూటా ఖాళీ తొడుగు బయటికొస్తుంది. ఇంకో తూటా పెట్టి లీవరు మూస్తే రైఫిల్ సిద్ధం. ప్రతిసారీ ఒక్క తూటాయే! ట్రిగ్గర్ నొక్కాక తూటా పేలడానికి పట్టే సమయం చాలా తక్కువ కాబట్టి గురి చెదిరే అవకాశమూ తక్కువే.

దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో చిన్న రైఫిళ్ల క్లబ్బులు విస్తరించాయి. వాటిని ప్రోత్సహించిన బ్రిటిష్ సేనాని లార్డ్ రాబర్ట్స్ పుట్టింది మన కాన్పూర్‌లోనే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో చిన్న రైఫిల్ పోటీల నాలుగు స్వర్ణాలూ బ్రిటన్‌కే దక్కాయి.

పాత రైఫిల్‌లో ముందు చూడాల్సింది చెక్క నునుపు కాదు, గొట్టం లోపలి భాగం. అప్పటి తూటాల్లో వాడిన పొటాషియం క్లోరేట్ పేలాక ఉప్పుగా మిగిలి, తేమను పట్టి, ఉక్కును తినేసేది. శుభ్రం చేయకుండా వదిలేసిన ఎన్నో మంచి రైఫిళ్లు అలాగే పాడయ్యాయి. పైపైన కొత్తగా పాలిష్ పెట్టించడం ఇంకా పెద్ద తప్పు, అసలు మెరుగు పోతే విలువా పడిపోతుంది.

మన దేశంలో ఇలాంటి .22 రైఫిల్ ఉంచుకోవాలన్నా ఆయుధ లైసెన్సు తప్పనిసరి.